మా ఆయనకి మొదటి కయాక్, నా పడవ లాంటిదే కొనాలా?

ఒంటితెడ్డు:
అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా కయాక్ నడుపుతున్నా, ఇక్కడ మాత్రం చదివేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయే రకం. ఇన్నాళ్ళూ గట్టు మీద మడతకుర్చీ వేసుకుని నాకోసం కాచుకుని కూర్చున్న మా ఆయన పోయిన వారం ఉన్నట్టుండి "నాక్కూడా ఒకటి చూడు" అన్నారు. ఇంకేముంది, అదే రాత్రి కూర్చుని నాలుగు మోడళ్ళు ఏరి పెట్టేశా. అన్నీ ఇంచుమించు నా పడవ లాంటివే, సిట్ ఇన్‌సైడ్ (కాళ్ళు పడవ లోపలికి పెట్టి కూర్చునే రకం), 14 అడుగుల పైన పొడవు, 22–23 అంగుళాల వెడల్పు, స్కెగ్ (పడవ తిన్నగా పోవడానికి వెనక అడుగున ఉండే రెక్క) ఉన్నవి. ఇద్దరం పక్కపక్కనే ఒకే స్పీడులో పోవచ్చు కదా అని.

ఆయన ఎత్తు 185 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు, షూ సైజు 11, కుడి మోకాలికి పాత దెబ్బ ఉంది, పూర్తిగా మడిస్తే నొప్పి. ఈత వచ్చు. మేం వెళ్ళేది ఎక్కువగా రిజర్వాయరు, లేదంటే నెమ్మదిగా పారే నది. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. ఆ నాలుగు మోడళ్ళ ఫొటోలు కింద పెట్టా, ఏది బెటరో చెప్పండి.

గాలివాటం:
నాలుగూ మంచి పడవలే అండి. ఒక్క ప్రశ్న. మీవారు ఎప్పుడైనా మీ పడవలో కూర్చుని చూశారా?

ఒంటితెడ్డు:
ఆదివారం కూర్చున్నారు. నిజం చెప్పాలంటే అంత బాగా ఏం జరగలేదు. కాక్‌పిట్‌లోకి, అదే కూర్చునే గుంతలోకి, దిగడానికే ఐదు నిమిషాలు పట్టింది, షూతో పాదాలు డెక్ (పడవ పైకప్పు) కింద నిలబడట్లేదు, విప్పేసి పక్కకి వాల్చి పెట్టుకున్నారు, మోకాళ్ళు రెండూ డెక్‌కి ఒత్తుకుపోయాయి. నాలుగు తెడ్లు వేసి ఆగి నా వంక చూసి "ఇది తిరగబడితే నేను బయటికి వస్తానా" అన్నారు. వస్తారు అన్నా. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. గట్టుకొచ్చాక నేనే చెయ్యి పట్టుకుని లాగాను. కొత్త కదా, అలవాటైపోతుందిలే అనుకున్నా.

బోల్తాబాబు:
అలవాటవదు మేడమ్. నేనూ ఆ సైజు మనిషినే, అందుకే చెప్తున్నా. మీ నాలుగు మోడళ్ళ కెపాసిటీ చూశా, మూడింటికి 125 నుంచి 135 కిలోల మధ్య ఉంది. 102 కిలోల మనిషి, తడి బట్టలు, లైఫ్ జాకెట్, నీళ్ళు, సంచీ అన్నీ కలిపితే 115 దగ్గరికి తేలుతుంది. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది కానీ కంపెనీ రాసే నంబరు పడవ సుఖంగా తేలే బరువు కాదు, అంతకంటే ఎక్కువైతే ఇక వద్దు అనే హద్దు. మూడింట రెండొంతుల దగ్గర, మహా అయితే 70 శాతం దగ్గర ఉంటేనే పడవ పడవలా నడుస్తుంది. అంటే ఆయనకి 165 కిలోల కెపాసిటీ నుంచి వెతకడం మొదలుపెట్టాలి. తక్కువది తీసుకుంటే ఏమవుతుందంటే పడవ లోతుగా దిగిపోతుంది, చిన్న అల వచ్చినా డెక్ మీదికి ఎక్కుతుంది, తెడ్డు వేస్తుంటే ఇసుక బస్తా లాగినట్టు ఉంటుంది, మనిషి మాత్రం నాకు బలం చాలట్లేదు కాబోలు అనుకుంటాడు. నేను ఒక సీజన్ మొత్తం అలాగే అనుకున్నా!

నీటిబాతు:
అక్కా ఏమనుకోకు కానీ, నీ పోస్టు చదువుతుంటే మా ఆయన గుర్తొచ్చారు. నాకు మొదటి పడవ ఆయనే సెలెక్ట్ చేశారు. ఆయనకి నచ్చిన కంపెనీ, ఆయనకి నచ్చిన రంగు, 31 అంగుళాల వెడల్పు, "నీకు భయం కదా, ఇదైతే కదలదు" అని. నా ఎత్తు 155. ఆ పడవలో కూర్చుంటే బాత్‌టబ్‌లో కూర్చున్న పిల్లలా ఉండేదాన్ని, అంచులు నా మోచేతుల దాకా వచ్చేవి, తెడ్డు వేసిన ప్రతిసారీ బొటనవేలి కణుపు అంచుకి గీసుకునేది. మూడో ట్రిప్పుకి రెండు చేతులకీ ప్లాస్టర్లు. నాకు కయాకింగ్ సరిపడదేమో అనుకుని వదిలేశా. రెండేళ్ళ తర్వాత ఒక ఫ్రెండ్ 23 అంగుళాల పడవలో కూర్చోబెడితే అప్పుడు తెలిసింది తప్పు నాది కాదని. ఇప్పుడు నువ్వు అదే పని తిరగేసి చేస్తున్నావు, నీకు సరిపోయింది ఆయనకి తొడుగుతున్నావు.

ఒంటితెడ్డు:
ఇది కొంచెం గట్టిగానే తగిలింది 🙂 కానీ నాదీ ఒక బాధ ఉంది. వెడల్పాటి పొట్టి పడవ కొంటే ఆయన ఎప్పుడూ వెనకే ఉంటారు, నేను ప్రతి పది నిమిషాలకీ ఆగి వెనక్కి చూస్తూ ఉండాలి. కలిసి వెళ్ళడానికి కదా కొంటున్నది.

రేవుగట్టు:
స్పీడు సంగతి చెప్తా, దానికో లెక్క ఉంది. నీళ్ళని తోసుకుంటూ వెళ్ళే పడవకి నీటి మీద ఆనే పొడవుని బట్టి ఒక గరిష్ఠ వేగం ఉంటుంది. 12 అడుగులకి గంటకి సుమారు 8.6 కిలోమీటర్లు, 14.5 అడుగులకి సుమారు 9.4. తేడా ఎంతో చూశారా. పైగా సరదాగా వెళ్ళేవాళ్ళు ఎవరూ ఆ హద్దు దాకా పోరు, గంటకి 4–5 కిలోమీటర్ల మీదే ఉంటారు. వెడల్పు పడవకి అదే వేగంలో శ్రమ ఎక్కువన్నది మాత్రం నిజం. దానికి మేం పాటించే కిటుకు ఒకటుంది, ఇద్దరిలో వేగంగా పోయేవాళ్ళ పడవలోనే సామానంతా. నీళ్ళ డబ్బాలు, టెంటు, బట్టల సంచీ అన్నీ మీ పడవలో వేసుకోండి, అప్పుడు చూద్దాం ఎవరు ఎవరికోసం ఆగుతారో.

ఇంకో మాట. కయాక్‌ని మొదట తయారు చేసుకున్న ఆర్కిటిక్ ప్రాంతం వాళ్ళు దుకాణంలో పొడవు, వెడల్పు చూసి కొన్నవాళ్ళు కాదు కదా. కొట్టుకొచ్చిన చెక్కతో చట్రం కట్టి మీద సీల్ చర్మం బిగించి, ఎవరి పడవ వాళ్ళ ఒంటి కొలతతో చేసుకునేవాళ్ళు. చేతులు రెండూ బార్లా చాపితే ఎంతో దానికి మూడింతలు పొడవు, కూర్చునే చోట నడుము వెడల్పుకి పక్కన రెండు పిడికిళ్ళు. చొక్కా కుట్టించుకున్నట్టన్నమాట. మీవారు మీ పడవ ఎక్కడమంటే మీ జాకెట్టు తొడుక్కున్నట్టే.

బోల్తాబాబు:
రేవుగట్టు గారు 😂😂 ఆ బొమ్మ ఇక బుర్రలోంచి పోదు

గాలిపడవ:
ఎవరూ ఇన్‌ఫ్లేటబుల్, అదే గాలి నింపే పడవల మాట ఎత్తడం లేదేంటి? డ్రాప్ స్టిచ్ ఫ్లోర్ (పైపొర, కింది పొర లోపల దారాలతో కలిపి కుట్టిన అడుగు) ఉన్నవి ఇప్పుడు చెక్కలా గట్టిగా ఉంటున్నాయి, కారు డిక్కీలో పడతాయి, మోకాలు నొప్పి ఉన్న మనిషి పైకెత్తే పనే లేదు.

గాలివాటం:
మీ పేరే చెప్తోంది మీరు ఆ మాట ఎత్తుతారని. నాకు వాటి మీద కోపం లేదు, ఒకటి వాడా కూడా. కానీ ఆవిడ మధ్యాహ్నం గాలి లేస్తుంది అన్నారు. తేలిక పడవ, నీటి మీద ఎత్తుగా తేలేది, ఎదురుగాలిలో తెడ్డు ఆపిన క్షణం వెనక్కి జారిపోతుంది. ఇంటికొచ్చాక మడతల్లో తడి ఆరబెట్టడం ఇంకో పని, ఆరకుండా చుట్టేస్తే బూజు. అపార్ట్‌మెంట్‌లో ఉండి పడవ పెట్టుకునే చోటు లేనివాళ్ళకి అదే దారి. వీళ్ళకి ఆ ఇబ్బంది ఉన్నట్టు లేదు.

గాలిపడవ:
సరే ఒప్పుకుంటా, గాలికి మాత్రం దాని పేరే గాలిపడవ.

కొంగజపం:
నేను అడిగేది వేరే. అసలు ఆయన నీళ్ళ మీదికి ఎందుకు వెళ్దామనుకుంటున్నారు? దూరం పోవాలనా, చేపలు పట్టాలనా, ఊరికే తేలుతూ పక్షుల్ని చూడాలనా? ఇది తెలియకుండా పడవ చెప్పడం అంటే రోగం తెలియకుండా మందు రాయడమే. మీ పోస్టు మూడుసార్లు చదివా, ఆయన అన్నమాట "నాక్కూడా ఒకటి చూడు" తప్ప ఇంకోటి లేదు.

ఒంటితెడ్డు:
అడిగాను. (ఇన్నాళ్ళూ అడగలేదు అని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.) ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా: "నాకు దూరం పోవాలని లేదు. గట్టు మీద కూర్చున్నట్టే నీళ్ళ మీద కూర్చోవాలి. గాలం వేసుకోవడానికి వీలుంటే మంచిది. పడిపోతే కాళ్ళు ఇరుక్కోకూడదు." నేను స్కెగ్ ఉన్న టూరింగ్ పడవలు చూపిస్తున్నా ఈ మనిషికి!

కొంగజపం:
ఇక చెప్పేదేముంది, సిట్ ఆన్ టాప్, అంటే లోపలికి దిగకుండా పడవ పైనే కూర్చునే రకం. 12 అడుగులు, 30–32 అంగుళాల వెడల్పు, కుర్చీలాంటి ఫ్రేమ్ సీటు ఉన్నది. మోకాలికి ఇది ఎందుకు మేలో చెప్తా. సిట్ ఇన్‌సైడ్‌లోంచి లేవాలంటే మోకాలు పూర్తిగా మడిచి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి లేవాలి. సిట్ ఆన్ టాప్‌లో అయితే పిక్క లోతు నీళ్ళ దగ్గర ఆగి, రెండు కాళ్ళూ చెరోపక్కకి వేసి, కుర్చీలోంచి లేచినట్టు లేచి నిలబడటమే. పడిపోయినా లోపల ఇరుక్కునే చోటే ఉండదు. డెక్ మీద పడ్డ నీళ్ళు స్కప్పర్ రంధ్రాల్లోంచి వాటంతటవే కిందికి పోతాయి.

దాంట్లో కష్టాలు కూడా చెప్పాలి కదా. పిరుదులు ఎప్పుడూ కొంచెం తడిగానే ఉంటాయి. చల్లటి రోజుల్లో వణుకు. సీటు నీటికి ఎత్తుగా ఉంటుంది కాబట్టే అంత వెడల్పు కావాల్సి వస్తుంది. బరువు కూడా ఎక్కువ, ఆ సైజువి 28–30 కిలోల దాకా తూగుతాయి.

బోల్తాబాబు:
నేను పూర్తిగా ఒప్పుకోను. పెద్ద కాక్‌పిట్ ఉన్న రిక్రియేషన్ సిట్ ఇన్‌సైడ్‌లు ఉన్నాయి, ముందు కూర్చుని తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి లాక్కోవచ్చు. ఒడి పొడిగా ఉంటుంది, గాలి తక్కువ తగులుతుంది. నేను వాడేది అదే.

రేవుగట్టు:
వాడొచ్చు, కానీ కొనేముందు బల్క్‌హెడ్‌లు (నీళ్ళు పడవంతా పాకకుండా లోపల ఉండే అడ్డుగోడలు) చూసుకోవాలి. చవకవాటిలో వెనక ఒక్కటే ఉంటుంది, కొన్నిటిలో అదీ ఉండదు. తిరగబడితే లోపలంతా నీళ్ళే. 150 లీటర్లు నిండితే 150 కిలోలు, పైగా ఆ నీళ్ళు ఒకచోట ఉండవు, ముందుకీ వెనక్కీ ఊగుతూ పడవని మళ్ళీ తిప్పేస్తాయి. ఒకసారి అలాంటి పడవని ముగ్గురం కలిసి గట్టుకి లాగాం, గంట పట్టింది, ఆ రోజుకి అదే మా కయాకింగ్. బల్క్‌హెడ్ లేకపోతే గాలి నింపిన ఫ్లోట్ బ్యాగులైనా కూరి పెట్టుకోవాలి.

ఇంకోటి, షాపులో పడవని చేత్తో ఊపి "అమ్మో ఊగుతోంది" అని తేల్చేయకండి. కూర్చోగానే కదలకుండా ఉండటం ఒక రకం నిలకడ, పక్కకి ఒరిగాక ఇంక ఒరగకుండా పట్టుకుని నిలబడటం ఇంకో రకం. చదునైన అడుగు ఉన్నవాటికి మొదటిది ఎక్కువ. అలల్లో పనికొచ్చేది రెండోది. మీది రిజర్వాయరు, కాబట్టి మొదటిది చాలు.

గాలివాటం:
ఇంతమంది ఇన్ని చెప్పాం, ఒక్క అరగంట నీళ్ళ మీద కూర్చుంటే తేలిపోయే విషయం ఇది. అద్దెకిచ్చే చోట రెండు రకాలూ తీసుకుని ఒకే రోజు నడిపించండి. అరగంటకి తక్కువ వద్దు, ఎందుకంటే మొదటి పది నిమిషాలు అన్ని సీట్లూ సుఖంగానే ఉంటాయి. ఇరవయ్యో నిమిషానికి కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడగండి. సీటు ముందు అంచు తొడలకి ఆనకపోతే బరువంతా కూర్చునే ఎముకల మీద పడి తిమ్మిరి వస్తుంది. అప్పుడు ఒక తుండు చుట్టి తొడల కింద పెట్టి చూడండి, తగ్గితే సీటు సర్దుకుంటే చాలు, తగ్గకపోతే ఆ పడవ వద్దు. మీరు పక్కన ఉండి సలహాలు ఇవ్వకండి. అసలు మీరు ఆ రోజు మీ పడవ తీసుకెళ్ళకండి.

నీటిబాతు:
ఆ చివరి లైను బంగారం

ఒంటితెడ్డు:
వెళ్ళొచ్చాం. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మొదట పెద్ద కాక్‌పిట్ సిట్ ఇన్‌సైడ్, 12 అడుగులది. కూర్చోవడం ఈసారి బానే కూర్చున్నారు, పాదాలు పట్టాయి, మోకాళ్ళు కొద్దిగా వంగి పక్కలకి ఆనాయి. నేను గట్టు మీద ఆయన మడతకుర్చీలో కూర్చున్నా, నోరు మూసుకుని. చక్కగా తిరిగి వచ్చారు కూడా. దిగేటప్పుడు మాత్రం, కుడి మోకాలు మడవకుండా లేద్దామని ఒక పక్కకి ఒరిగారు, పడవ ఇంకో పక్కకి జారింది, ఆయన నాలుగు కాళ్ళ మీద పాకుతూ బురదలోకి వచ్చారు. అక్కడే చేతులు కడుక్కుంటూ "ప్రతిసారీ ఇలాగేనా" అన్నారు. నవ్వు రాలేదు నాకు.

తర్వాత సిట్ ఆన్ టాప్. అద్దెకిచ్చే అబ్బాయి బలేవాడు, ముందు నడుము లోతు నీళ్ళలో కావాలని పడమన్నాడు. పడ్డారు. మళ్ళీ ఎక్కడం ఎలాగో చూపించాడు, పడవ మధ్యలో పట్టుకుని, కాళ్ళతో నీళ్ళు తన్ని ఒళ్ళు పైకి తేల్చి, పొట్ట మీద అడ్డంగా పడి, అప్పుడు తిరిగి కూర్చోవాలి, ఆ తర్వాతే కాళ్ళు లోపలికి. మొదటిసారి పొట్ట దాకా వచ్చి జారిపోయారు, రెండోసారీ అంతే, మూడోసారి కూర్చున్నారు. కూర్చుని గట్టు మీదున్న నా వంక చూడను కూడా చూడలేదు, మళ్ళీ దూకేశారు! ఆరుసార్లు పడి ఎక్కారు, చిన్నపిల్లాడిలా. అప్పుడు అర్థమైంది, ఆదివారం నుంచి ఆయన మనసులో ఉన్నది వేగం, పొడవు ఏవీ కావు, ఆ ఒక్క ప్రశ్నే, నేను "వస్తారు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసింది.

సిట్ ఆన్ టాప్ ఖాయం అయింది. 12 అడుగులు, 31 అంగుళాలు, కెపాసిటీ 180 కిలోలు, బరువు 29. నాకు లోపల ఎక్కడో కొంచెం నిరాశగానే ఉంది, జంట టూరింగ్ పడవలు, దీవి దాకా వెళ్ళి రాత్రి ఉండి రావడం, ఏవేవో అనుకున్నా. సరే. ఇప్పుడు తెడ్డు. నా పాతది 220 సెంటీమీటర్లది ఉంది, ఇచ్చేయనా?

కొంగజపం:
వద్దు వద్దు. 31 అంగుళాల వెడల్పు, ఎత్తు సీటు, 185 సెంటీమీటర్ల మనిషి, 240 కావాలి. 220తో నీళ్ళు అందుకోవడానికి ప్రతిసారీ పక్కకి వంగాలి, నడుము పోతుంది. పడవ మీద మిగుల్చుకుని తెడ్డు మీద పెట్టండి అంటాను ఎప్పుడూ. నిమిషానికి 40 సార్లు వేసినా గంటకి 2400 సార్లు ఆ బరువు ఎత్తి దించాలి. అల్యూమినియం కర్రవి కిలో దాటుతాయి, ఫైబర్‌గ్లాస్‌వి 900 గ్రాముల లోపు దొరుకుతాయి. చేతికి ఆ తేడా మొదటి గంటలో తెలియదు, రెండో గంటలో భుజం చెప్తుంది.

బోల్తాబాబు:
లైఫ్ జాకెట్ కూడా ఆయన ఒంటికి వేసి చూసి కొనండి. పెద్దవాళ్ళవి బరువుని బట్టి కాదు, ఛాతీ చుట్టుకొలతని బట్టి సైజు. ఫ్రేమ్ సీటుకి వెనక అడుగుభాగం పలచగా జాలీలా ఉండే రకం తీసుకోండి, మామూలుదైతే సీటు ఒత్తి జాకెట్ మెడ మీదికి లేస్తుంది. భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి, చెవుల దాకా వచ్చిందంటే వదులు. వేసుకోవాలి, పడవలో పక్కన పెట్టుకోవడానికి కాదు.

గాలివాటం:
గాలి గురించి ఒక్క మాట. ఆ పడవకి స్కెగ్ లేదు కదా, పక్కగాలిలో ముక్కు గాలివైపుకి తిరిగిపోతూ ఉంటుంది, కొత్తవాళ్ళు ఒకవైపే తెడ్డు వేసి అలసిపోతారు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలిలో వెళ్ళి వచ్చేటప్పుడు గాలివాటున రండి. చల్లటి నీళ్ళయితే ఎండ చూసి కాదు, నీళ్ళు చూసి బట్టలు వేసుకోవాలి. ఇవి మీకు తెలిసినవే, ఆయనకి చెప్పండి.

ఒంటితెడ్డు:
మూడు ట్రిప్పులు అయ్యాయి. సామానంతా నా పడవలోనే, రేవుగట్టు గారూ మీ కిటుకు బానే పనిచేస్తోంది, గాలి ఉన్నరోజు ఆయనే నాకోసం ఆగారు. నిన్న రెల్లు దుబ్బుల పక్కన ఆపుకుని కూర్చున్నారు. లకుముకిపిట్ట ఒకటి ఆయన గాలం కర్ర మీదే వాలింది, నేను దూరం నుంచి చూస్తున్నా, ఊపిరి బిగబట్టుకుని అలాగే ఉండిపోయారు, అది ఎగిరాక కూడా చాలాసేపు కదల్లేదు. నేను ఈలోపు రెండు చుట్లు కొట్టి వచ్చా.

ఒకటే ఇబ్బంది, 29 కిలోల పడవని కారు మీదికి ఎక్కించడం. ఇద్దరం చెరోవైపు ఎత్తుతుంటే నా భుజం దాకా వచ్చి జారుతోంది. ఇంకోటి, రేవు దాకా తీసుకెళ్ళడానికి స్కప్పర్ రంధ్రాల్లోకి గుచ్చే రకం చక్రాల బండి కొందామా?

రేవుగట్టు:
ఆ రకం వద్దమ్మా. బరువంతా ఆ రంధ్రాల అంచుల మీద పడి అక్కడే పగుళ్ళు వస్తాయి, పాలిథిలీన్‌కి జిగురు అంటుకోదు, వెల్డింగ్ చేయించాలి. అడుగున పట్టీ మీద కూర్చునే రకం బండి తీసుకోండి.

ఎక్కించడానికి ఇద్దరూ ఒకేసారి ఎత్తొద్దు. కారు వెనక కప్పు అంచున పాత తుండు మడిచి వేయండి, జారనిది. పడవని కారు వెనక నేరుగా పెట్టి, ముక్కు మాత్రం ఎత్తి తుండు మీద ఆనించండి, తోక నేల మీదే ఉంటుంది. ఇప్పుడు తోక దగ్గరికి వెళ్ళి ఎత్తి ముందుకి తోయండి, ర్యాక్ మీదికి జారుకుంటూ వెళ్ళిపోతుంది. ఒక్కసారి కూడా పూర్తి బరువు ఎవరి మీదా పడదు. ఆయన ఒక్కరే చేసుకోగలరు, మోకాలు వంచే పని కూడా తక్కువ. స్ట్రాపులు చేత్తో బిగించండి, రాట్చెట్‌తో (మీట ఆడించి బిగించే క్లిప్పు) బిగిస్తే ఎండకి అడుగు సొట్టపడుతుంది. ముందూ వెనకా తాళ్ళు కట్టడం మర్చిపోకండి.

నీటిబాతు:
స్ట్రాపుని కట్టేటప్పుడు ఒక మెలిక తిప్పండి అక్కా. చదునుగా కట్టేస్తే కారు స్పీడందుకోగానే గాలికి అదిరి కప్పు మీద బూర ఊదినట్టు మోత.

ఒంటితెడ్డు:
అదా ఆ చప్పుడు!! వీల్ బేరింగ్ పోయిందని రేపు పొద్దున మెకానిక్ దగ్గరికి టైం కూడా తీసుకున్నారు మా ఆయన.